వెయ్యి పీపీఎం స్టాక్ నుంచి 0.01కి ఎలా దిగాలి?

అమ్మా, మీరు గుంటూరులో మిర్చి పరీక్షించే ల్యాబ్‌లో చేరి రెండు నెలలైందనీ, బీఎస్సీలో నేర్చుకున్న సి1వి1 = సి2వి2 సూత్రమే (సి అంటే గాఢత, వి అంటే ఘనపరిమాణం; 1 తీసేదానికి, 2 తయారయ్యేదానికి) వాడుతున్నా మూడు చోట్ల ఇబ్బంది పడుతున్నాననీ రాశారు. మొదటిది, 1000 పీపీఎం (లీటరుకు 1000 మి.గ్రా.) పురుగుమందు స్టాక్, అంటే గాఢంగా చేసి పెట్టుకున్న ద్రావణం నుంచి 0.01 పీపీఎం ద్రావణం 100 మి.లీ. చెయ్యాలంటే లెక్క ప్రకారం ఒక్క మైక్రోలీటరు తియ్యాల్సి వస్తోంది. అంత చిన్న కొలత ఎలా తియ్యడం? రెండోది, "1:10 చెయ్యి" అంటే ఒకరు 9 మి.లీ. నీళ్ళు పొయ్యమంటారు, ఇంకొకరు 10 అంటారు. మూడోది, 0.1 నార్మల్ (ఆమ్లం బలానికి కొలత) హైడ్రోక్లోరిక్ ఆమ్లం కోసం పుస్తకంలో ఉన్నట్టే 8.3 మి.లీ. గాఢ ఆమ్లం తీసి లీటరు చేస్తే, టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్‌తో అసలు బలం తేల్చే పరీక్షలో 0.094 వచ్చింది. దాంతో సీనియర్ "నీకు లెక్క రాదు" అన్నారని బాధపడ్డారు.

మీ లెక్క మూడు చోట్లా సరిగ్గానే ఉంది. విజయవాడలో నీళ్ళ పరీక్షలతో మొదలుపెట్టి తర్వాత గుంటూరులో మిర్చి, పసుపు పరీక్షల దాకా ఇరవై ఆరేళ్ళు ఈ పనే చేశాను. ఈ సూత్రం తప్పు చేసిన రోజు ఒక్కటీ లేదు. తప్పు వచ్చినప్పుడల్లా మనం అందులో పెట్టిన అంకెల్లోనే ఉండేది. మీ మొదటి ప్రశ్న వి1 గురించి, రెండోది వి2 గురించి, మూడోది సి1 గురించి.

ముందు ఒక్క మాట. మా నాన్న మిర్చి చేలో మందు కొట్టించేటప్పుడు 200 లీటర్ల డ్రమ్ములో 400 మి.లీ. మందు పోసేవాడు. లీటరుకు 2 మి.లీ. లెక్క. డబ్బా మీద 25 శాతం అని ఉంటే డ్రమ్ములో ఉన్నది 0.05 శాతం, అంటే 500 రెట్లు పలచన. ఆయన సూత్రం చదువుకోలేదు. కానీ పోసిన మందు పోసినంతే ఉంటుందనీ, నీళ్ళు ఎన్ని కలిపినా అది పెరగదు, తరగదనీ ఆయనకు బాగా తెలుసు. సి1వి1 అంటే పిపెట్‌లోకి తీసిన పదార్థం. సి2వి2 అంటే ఫ్లాస్క్‌లోకి చేరిన పదార్థం. రెండూ ఒకటే కాబట్టి మధ్యలో ఆ సమానం గుర్తు. ఇది మనసులో ఉంటే సూత్రం మర్చిపోయినా పని ఆగదు.

ఇప్పుడు మీ మైక్రోలీటరు సంగతి. 0.01ని 100తో గుణించి 1000తో భాగిస్తే 0.001 మి.లీ., అంటే ఒక మైక్రోలీటరే. లెక్క కరెక్టు, కానీ అలా చెయ్యకూడదు. మీ దగ్గరున్న 10 మైక్రోలీటర్ల మైక్రోపిపెట్‌కు ప్రమాణాలు ఒప్పుకునే తేడా సుమారు 0.12 మైక్రోలీటరు. పది తీసినప్పుడు అది 1.2 శాతమే. దానితోనే ఒక్కటి తీస్తే 12 శాతం అవుతుంది. టిప్ బయట అంటుకున్న చిన్న తడి కూడా ఆ కొలతలో పెద్ద భాగమే.

అందుకే నేను సూత్రం కంటే ముందు "ఎన్ని రెట్లు?" అని వేసుకుంటాను. 1000 నుంచి 0.01 అంటే లక్ష రెట్లు. లక్షను మన గాజు సామానుకు అందే ముక్కలుగా విరగ్గొట్టాలి: వంద, వంద, పది. స్టాక్ 1 మి.లీ. తీసి 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో గీత వరకు చేస్తే 10 పీపీఎం. దాంట్లో 1 మి.లీ. మళ్ళీ 100 చేస్తే 0.1. అందులోంచి 10 మి.లీ. తీసి 100 చేస్తే 0.01. "ఏ" తరగతి (కచ్చితత్వం ఎక్కువున్న రకం) 1 మి.లీ. బల్బ్ పిపెట్‌లో తేడా 0.008 మి.లీ., అంటే 0.8 శాతం. 100 మి.లీ. ఫ్లాస్క్‌లో 0.1 శాతం. మూడు మెట్లలోని తేడాలనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే మొత్తం సుమారు 1.2 శాతం వస్తుంది. మెట్లు పెరిగితే తప్పు పెరుగుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం సగమే నిజం. కొలవలేని ఒక్క మెట్టు కన్నా చక్కగా కొలవగలిగే మూడు మెట్లు ఎంతో నయం.

ప్రతిసారీ వంద మి.లీ. అసిటోనైట్రైల్ (మందును కరిగించే సాల్వెంట్) ఖర్చు పెట్టాలా అంటే, అక్కర్లేదు. 100 మైక్రోలీటర్ల మైక్రోపిపెట్‌ను నిండు కొలత దగ్గర వాడి 10 మి.లీ. ఫ్లాస్క్‌లోకి పోసినా వంద రెట్లే అవుతుంది, సాల్వెంట్ పదో వంతుతో సరిపోతుంది. ఏ పిపెట్ అయినా దాని పై కొలతల దగ్గర నమ్మదగ్గది, కింది అంచున కాదు. ఇది ఒక్కటి అలవాటైతే సగం టెన్షన్ పోతుంది.

ఇక కాలిబ్రేషన్ పాయింట్లు, అంటే మిషన్ రీడింగ్‌ను పోల్చుకోవడానికి తెలిసిన గాఢతల్లో చేసే స్టాండర్డ్ ద్రావణాలు. 0.2 నుంచి 0.1, దాన్నుంచి 0.05 అని గొలుసులా చేసుకుంటూ పోకండి. మొదటి మెట్టులో జరిగిన తప్పు కింది పాయింట్లన్నింటికీ అంటుకుంటుంది. పైగా గ్రాఫ్‌లో గీత చక్కగా వంపు లేకుండా వస్తుంది కాబట్టి ఆ తప్పు కంటికి కనపడదు. 10 పీపీఎం నుంచి 10 మి.లీ. తీసి 100 చేసి 1 పీపీఎం ఒకటి సిద్ధం పెట్టుకోండి. దాన్నుంచి విడివిడిగా 0.1, 0.2, 0.5, 1, 2 మి.లీ. తీసి 10 మి.లీ. ఫ్లాస్క్‌లలో గీత వరకు చేస్తే 0.01, 0.02, 0.05, 0.1, 0.2 పీపీఎం వస్తాయి. ఈ లెక్క నోటితోనే చెప్పొచ్చు, కాగితం కూడా అక్కర్లేదు.

చేతి పని గురించి మూడు సంగతులు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందుకే చెబుతున్నాను. స్టాక్ సీసాలో పిపెట్ ముంచకండి. చిన్న బీకర్‌లోకి కొంచెం వంచుకుని అందులోంచి తియ్యండి, మిగిలింది తిరిగి సీసాలో పొయ్యకండి. గీత వరకు చేశాక ఫ్లాస్క్ మూత బిగించి కనీసం పదిహేను, ఇరవైసార్లు పూర్తిగా తలకిందులు చెయ్యండి. మెడలో ఉన్న ద్రవం అంత తేలిగ్గా కలవదు. మూడోది చాలా ముఖ్యం. స్టాక్‌ను ఫ్రీజర్‌లోంచి తియ్యగానే కొలవకండి. అసిటోనైట్రైల్ ఒక డిగ్రీ వేడికి సుమారు 0.14 శాతం వ్యాకోచిస్తుంది. మైనస్ 20లో ఉన్నదాన్ని, 25 డిగ్రీల గదిలో చేసిన స్టాక్ అనుకుని చల్లగా ఉండగానే 1 మి.లీ. తీస్తే, అందులో మందు ఆరు శాతం దాకా ఎక్కువ వస్తుంది. మీ మూడు మెట్లలోని తప్పంతా కలిపినా అందులో ఐదో వంతే. బయట పెట్టి, గది వేడికి వచ్చాక, ఒకసారి కలిపి, అప్పుడు తియ్యండి. మే నెలలో ఏసీ లేని గదిలో స్టాండర్డ్లు చేసేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఫ్లాస్క్ మీద 20 అనో 27 అనో డిగ్రీలు రాసి ఉంటాయి. మన ఎండలకు గది 40 దాటినప్పుడు నీళ్ళలో తేడా అర శాతం అటూఇటుగానే ఉంటుంది గానీ, సాల్వెంట్లలో అలా కాదు.

మీరు అడగని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 0.01 పీపీఎం స్టాండర్డ్ ఎందుకు చేస్తున్నారు? ఐరోపాకు వెళ్ళే సరుకులో, విడిగా పరిమితి పెట్టని మందులకు కిలోకు 0.01 మి.గ్రా. హద్దు ఉంది కాబట్టే అయ్యుంటుంది. కానీ ఆ 0.01 కారం పొడిలో ఉన్నది, మీ సీసాలో ఉన్నది కాదు. ఎండు మిర్చికి మామూలుగా 2 గ్రాముల పొడి తీసుకుని, నీళ్ళతో నానబెట్టి, 10 మి.లీ. అసిటోనైట్రైల్‌లోకి లాగుతాం. అంటే పొడిలో ఉన్న మందు అప్పటికే ఐదు రెట్లు పలచనైంది. కిలోకు 0.01 మి.గ్రా. ఉన్న సరుకు మీ మిషన్‌లో 0.002గా కనపడాలి. మీ అడుగు పాయింట్ 0.01 దగ్గరే ఆగితే, మీరు నమ్మకంగా చెప్పగలిగేది కిలోకు 0.05 మి.గ్రా. నుంచే. మీ ల్యాబ్‌లో ఎంత పొడికి ఎంత సాల్వెంట్ వాడుతున్నారో చూసుకుని, 0.002, 0.005 పాయింట్లు కూడా పెట్టమని మీ సీనియర్‌ను మర్యాదగా అడగండి. వాటికి 0.1 పీపీఎం నుంచి 0.2, 0.5 మి.లీ. తీసి 10 చేస్తే సరి.

వెనక్కి లెక్క వేసేటప్పుడూ ఇదే దారి. మిషన్‌లో 0.004 వచ్చింది, 10తో గుణించి 2తో భాగిస్తే కిలోకు 0.02 మి.గ్రా. రంగు ఎక్కువగా ఉందని ఎక్స్‌ట్రాక్ట్‌ను మధ్యలో ఇంకో ఐదు రెట్లు పలచన చేసి ఉంటే అది 0.1. ఆ ఐదు రెట్లు వర్క్‌షీట్‌లో రాయడం మర్చిపోతే, ఆగాల్సిన సరుకు ఓడ ఎక్కుతుంది. లేదంటే రెండుసార్లు గుణిస్తే, కోల్డ్ స్టోరేజీలో ఉన్న ఓ రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) కారణం లేకుండా వెనక్కి వస్తాయి. అందుకే పలచన చేసిన క్షణంలోనే రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని కాదు.

రెండో ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది గానీ, కొత్తవాళ్ళు ఎక్కువగా ఏడ్చేది దీని దగ్గరే. మీకు చెప్పిన ఇద్దరూ వాళ్ళ వాళ్ళ అలవాటు ప్రకారం సరిగ్గానే చెప్పారు. సూక్ష్మజీవుల విభాగంలో 1:10 అంటే మొత్తం పదిలో ఒక వంతు. 10 గ్రాముల కారం పొడికి 90 మి.లీ. ద్రావణం, అందులోంచి 1 మి.లీ.కి 9 మి.లీ., అలా పది రెట్లు చొప్పున దిగుతారు. కెమిస్ట్రీ వైపు "1:1 ఆమ్లం" అంటే ఒక వంతు ఆమ్లం, ఒక వంతు నీళ్ళు. దీన్ని వాళ్ళ పద్ధతిలో చదివితే నీళ్ళే కలపనట్టు! ఒకే గుర్తుకు రెండు అర్థాలున్నాయి కాబట్టి ఏది ఒప్పు అని వాదించి లాభం లేదు. 1:10ని ఒకరు పది రెట్లు అనుకుని, ఇంకొకరు పదకొండు రెట్లు అనుకుంటే తొమ్మిది శాతం తేడా వస్తుంది. మీ నోట్‌బుక్‌లో మాత్రం 1 + 9 అని రాయండి, లేదా "1 మి.లీ. తీసి 10 మి.లీ. వరకు" అని మాటల్లో రాయండి. ఎవరైనా నోటితో 1:10 అంటే, "మొత్తం పదా అండీ, నీళ్ళు పదా?" అని అడిగెయ్యండి. అలా అడిగినవాళ్ళను నేనెప్పుడూ తక్కువగా చూడలేదు.

వి2 గురించి ఇంకొకటి. అది చివరికి తయారైన మొత్తం, పోసిన నీళ్ళు కాదు. మా నాన్న డ్రమ్ములో నిజానికి 200.4 లీటర్లు ఉండేవి, చేలో దాంతో పని లేదు. మనకు పని ఉంది. 50 మి.లీ. ఆల్కహాల్, 50 మి.లీ. నీళ్ళు కలిపి చూడండి, వంద రాదు, 96, 97 దగ్గరే ఆగుతుంది. 95 శాతం ఆల్కహాల్ నుంచి 70 శాతం 100 మి.లీ. కావాలంటే 73.7 మి.లీ. తీసి "గీత వరకు" నీళ్ళు పొయ్యాలి. 26.3 మి.లీ. కొలిచి కలిపితే అది వేరే ద్రావణం.

సి1 దగ్గరికి వచ్చేసరికి నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొస్తుంది. చేరిన ఏడాది. పల్నాడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ చూసే పని. పాత స్టాక్ అయిపోతే 1000 పీపీఎం ఫ్లోరైడ్ చెయ్యమన్నారు. నేను సోడియం ఫ్లోరైడ్ సరిగ్గా ఒక గ్రాము తూచి లీటరు చేశాను. సోడియం ఫ్లోరైడ్ అణుభారం 41.99, అందులో ఫ్లోరిన్ 19. ఒక గ్రాములో ఫ్లోరైడ్ 452 మి.గ్రా. మాత్రమే. నేను తూచాల్సింది 2.21 గ్రాములు. సీసా మీద మాత్రం అందంగా "1000" అని రాశాను. ఆ స్టాండర్డ్‌తో చూస్తే ప్రతి నీళ్ళ శాంపిల్ 2.2 రెట్లు ఎక్కువ చూపించింది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మి.గ్రా. వరకు మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక ఊరి బోరు నిజంగా 0.8 ఉంటే మా రిపోర్టులో 1.77 అని వెళ్ళింది. తాగొద్దని ఆ బోరు మూసేశారు. ఆడవాళ్ళు పక్క ఊరి నుంచి బిందెలతో నీళ్ళు మోశారని తర్వాత తెలిసింది. వేరే సీసాలోని పాత స్టాండర్డ్‌తో పోల్చి చూసిన మా పెద్దాయన మూడో వారంలో దాన్ని పట్టుకున్నారు. రిపోర్టు దిద్ది పంపించాం. కానీ ఆ మూడు వారాలు వాళ్ళు మోసిన నీళ్ళు నేను మోయించినవే.

అప్పటి నుంచి కొత్త స్టాక్ చేసిన ప్రతిసారీ, వేరే సీసాలోని మందుతో, వీలైతే వేరే మనిషి చేత రెండో స్టాక్ చేయించి, రెండింటినీ పక్కపక్కన చూసేవాణ్ణి. మీరూ అలాగే చెయ్యండి. లేబుల్ రాసేటప్పుడు "దేనిగా" అన్నది తప్పకుండా రాయండి: ఫ్లోరైడ్‌గా 1000, సోడియం ఫ్లోరైడ్‌గా కాదు. పురుగుమందు స్టాండర్డ్లలో శుద్ధత శాతం కూడా లెక్కలోకి రావాలి. సర్టిఫికెట్‌లో 98.5 శాతం అని ఉంటే, 10 మి.లీ.లో 1000 పీపీఎం కావడానికి 10 కాదు, 10.15 మి.గ్రా. తూచాలి. మైలుతుత్తం లాంటి లవణాల్లో స్ఫటిక జలం బరువు కూడా కలిపే అణుభారం వేసుకోవాలి.

మీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కథ కూడా ఇదే. పుస్తకంలోని 8.3 మి.లీ. ఏ సీసాకు చెప్పిందో చూద్దాం. 37 శాతం, సాంద్రత 1.19 ఉన్న ఆమ్లం లీటరు 1190 గ్రాములు తూగుతుంది. అందులో 37 శాతం అంటే 440 గ్రాములు. దాన్ని ఈ ఆమ్లం అణుభారం 36.46తో భాగిస్తే 12.08 నార్మల్. మనకు కావలసింది 0.1 నార్మల్ 1000 మి.లీ., గుణిస్తే వంద; ఆ వందను 12.08తో భాగిస్తే 8.3. ఇప్పుడు మీ ల్యాబ్ సీసా తిప్పి లేబుల్ చదవండి. మన దగ్గర దొరికే వాటిలో చాలా వాటి మీద 35 శాతం, 1.18 అని ఉంటుంది. 1180లో 35 శాతం 413, 36.46తో భాగిస్తే 11.33. ఆ ఆమ్లం 8.3 మి.లీ. లీటరు చేస్తే వచ్చేది 0.094. మీకు వచ్చిందీ అదే! అంటే మీ పిపెట్ సరిగ్గా ఉంది, మీ టైట్రేషన్ సరిగ్గా ఉంది. తియ్యాల్సింది 8.8 మి.లీ. లేబుల్ మీది శాతం బరువుకు బరువు లెక్క కాబట్టే సాంద్రతతో గుణించాం. దాన్ని వదిలేసి నేరుగా 35 శాతం అని పెట్టేవాళ్ళు ఇంకా ఎక్కువ తప్పుతారు. పైగా మూత తీసిన ప్రతిసారీ పొగలు పోయి ఈ ఆమ్లం బలం తగ్గుతుంది. అందుకే ఎంత బాగా కొలిచినా ఇది "సుమారు 0.1 నార్మల్" మాత్రమే. అసలు బలం, ఓవెన్‌లో ఆరబెట్టిన సోడియం కార్బొనేట్‌తో టైట్రేట్ చేసి తేల్చుకోవాలి. 0.1325 గ్రాములు తూస్తే సరిగ్గా 0.1 నార్మల్ ఆమ్లం 25 మి.లీ. పడుతుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం పలచన చెయ్యాల్సి వస్తే లెక్క కంటే ముందు చేతులు గుర్తుంచుకోండి. 98 శాతం, 1.84 సాంద్రత, అంటే సుమారు 36.8 నార్మల్. ఎప్పుడూ నీళ్ళలోకి ఆమ్లం, గోడ వెంట సన్నగా, కలుపుతూ. కింద చల్లటి నీళ్ళ తొట్టి పెట్టుకుని, కళ్ళద్దాలు, గ్లవ్స్ వేసుకుని. నాతో పనిచేసిన ఒక కుర్రాడు తొందరలో ఆమ్లం మీద నీళ్ళు పోశాడు, మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చ ఇప్పటికీ ఉంది. చల్లారాకే గీత వరకు చెయ్యండి. వేడిగా ఉన్నప్పుడు గీతకు తెస్తే, చల్లారాక మట్టం కిందికి దిగి గాఢత పెరుగుతుంది.

ఆ 0.094 సీసాను పారబొయ్యకండి. అందులో ఇంకో అర మి.లీ. ఆమ్లం పోసి 0.1 చెయ్యాలని కూడా చూడకండి, మళ్ళీ టైట్రేట్ చెయ్యక తప్పదు. ఇంకో రెండుసార్లు టైట్రేట్ చేసి, మూడూ దగ్గరగా ఉంటే సగటు తీసి, లేబుల్ మీద "హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.094 నార్మల్, ఫ్యాక్టర్ 0.94", తేదీ, మీ పేరు రాసి వాడుకోండి. 0.1 నార్మల్‌కు వేసే ప్రతి లెక్కలో బ్యూరెట్ రీడింగ్‌ను 0.94తో గుణిస్తే చాలు. మీ సీనియర్‌కు ఆమ్లం సీసా లేబుల్ చూపించి ఈ 413, 36.46 లెక్క ఆయన ముందే వేసి చూపించండి.